మా గైడ్ జర్మనీకి కల్చర్లు పంపమంటున్నారు, పంపనా?

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, మూడో ఏడు. జహీరాబాద్ చుట్టుపక్కల రైతులు ఇంకా వేస్తున్న పాత జొన్న రకాల వేళ్ళ నుంచి బ్యాక్టీరియా తీసి, నీళ్ళు లేనప్పుడు అవి మొక్కకి ఎలా సాయపడతాయో చూడటం నా పని. రెండేళ్ళు తిరిగి 140 కల్చర్లు, అంటే అలా విడదీసి ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియా, పోగు చేశాను. పోయిన ఏడాది మా యూనివర్సిటీకీ జర్మనీలో ఒక యూనివర్సిటీకీ ఎంఓయూ, అదే అవగాహన ఒప్పందం, అయింది. ఇప్పుడు అక్కడి ప్రొఫెసర్ గారు తమ దగ్గర వేళ్ళ లోపల స్కాన్ చేసే యంత్రం ఉందనీ, నా కల్చర్లలో మంచివి 30, వాటితోపాటు మొత్తం డేటా పంపమని మా సార్‌కి మెయిల్ పెట్టారు. సార్ "ఎంఓయూ ఉంది కదమ్మా, డ్రై ఐస్‌లో పెట్టి కొరియర్ చేసెయ్, పేపర్‌లో నీ పేరు ఉంటుందిలే" అన్నారు. ఎన్నో పేరుగా ఉంటుందో అడగలేకపోయాను. నన్ను ఆరు నెలలు అక్కడికి రమ్మంటున్నారు, జాయింట్ పీహెచ్‌డీ కూడా చేయొచ్చని ఒక మాట అన్నారు. నాకు పెళ్ళయి ఏడాదిన్నర, ఇంట్లో ఇంకా చెప్పలేదు. పంపనా? వెళ్ళనా? సార్‌కి కోపం రాకుండా ఎలా అడగాలి? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక రీసెర్చ్ స్కాలర్, హైదరాబాద్

జవాబు: తల్లీ, నిన్ను నువ్వు అనే అంటాను, ఏమనుకోకు, మా అమ్మాయికీ దాదాపు నీ వయసే. ముందు ఒక పని చెయ్. కొరియర్ వాళ్ళకి ఇప్పటికే ఫోన్ చేసి ఉంటే ఈ వారం రావద్దని చెప్పు. కల్చర్లు మైనస్ 80 ఫ్రీజర్‌లో ఉన్నంతకాలం వాటికేం కాదు, జర్మనీ కూడా ఎక్కడికీ పోదు. సార్ దగ్గర నాలుగు రోజులు టైమ్ తీసుకోడానికి జ్వరం అని అబద్ధం ఆడక్కర్లేదు, "ప్యూరిటీ ఇంకోసారి చూసుకుంటున్నాను సార్" అంటే చాలు, ఎలాగూ అది చేయాల్సిన పనే.

పంపనా అని అడిగావు. ఇప్పుడున్న పరిస్థితిలో పంపకు. ఎప్పటికీ పంపొద్దని కాదు, వాళ్ళు దొంగలనీ కాదు, నాకైతే ఆ ప్రొఫెసర్ మీద ఏ అనుమానమూ లేదు. పెట్టె కదిలే ముందు ఒక కాగితం కదలాలి, అది ఇంకా కదల్లేదు, అంతే.

మీ సార్ ఎంఓయూ ఉంది కదా అన్నారు చూడు, అసలు తిరకాసు అక్కడే ఉంది. నేను కొన్నేళ్ళు ల్యాబ్‌లో, ఆ తర్వాత ఇంకొన్నేళ్ళు ఇలాంటి కాగితాలు నడిపే ఆఫీసులో పనిచేసినదాన్ని. ఎంఓయూలు నా చేతుల మీదుగా ఎన్ని వెళ్ళాయో లెక్క లేదు. అన్నీ రెండు మూడు పేజీలే, అన్నిట్లోనూ ఇరుపక్షాలు పరస్పర ఆసక్తి ఉన్న రంగాల్లో సహకరించుకుంటాయని ఉంటుంది, చివరికి వచ్చేసరికి దీనివల్ల ఎవరి మీదా ఆర్థిక బాధ్యత గానీ చట్టపరమైన బాధ్యత గానీ ఉండదని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం చదివినవాళ్ళు తక్కువ, శాలువాలు కప్పుకుని బ్యానర్ ముందు ఫోటో దిగినవాళ్ళు ఎక్కువ. పెళ్ళి భాషలో చెప్పాలంటే అది అమ్మాయిని చూసుకోడానికి వచ్చి కాఫీ తాగి వెళ్ళడం, తాంబూలాలు కూడా కాదు. మరి యూనివర్సిటీలు ఎందుకంత ఉబలాటపడతాయంటే, యూనివర్సిటీలకి గ్రేడ్లు ఇచ్చే నాక్ వాళ్ళు మార్కులు వేసేటప్పుడు పరిశోధన కింద కొలాబరేషన్లు అడుగుతారు, 2024 జాబితా నుంచి ప్రపంచ యూనివర్సిటీల క్యూఎస్ ర్యాంకుల్లో కూడా అంతర్జాతీయ పరిశోధన సంబంధాలకి 5 శాతం పెట్టారు. మీ వీసీ గారికి ఆ 5 శాతం కావాలి, అందులో తప్పు లేదు. కానీ ఆ కాగితం చూపించి నీ కల్చర్లు దేశం దాటించలేరు.

ఎందుకు దాటించలేరో కొంచెం ఓపికగా విను, సార్‌తో మాట్లాడేటప్పుడు నీకు పనికొచ్చేది ఈ ముక్కే. మన దగ్గర 2002లో వచ్చిన జీవ వైవిధ్య చట్టం ఉంది. దాని ప్రకారం నువ్వు భారత పౌరురాలివి కాబట్టి జహీరాబాద్ వెళ్ళి పరిశోధన కోసం వేళ్ళు తవ్వుకుని తెచ్చుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఇప్పటిదాకా నువ్వు చేసిందాంట్లో తప్పేమీ లేదు. అదే వస్తువు విదేశీ సంస్థ చేతికి వెళ్ళాలంటే మాత్రం చెన్నైలో ఉన్న జాతీయ జీవ వైవిధ్య ప్రాధికార సంస్థ, మనవాళ్ళంతా ఎన్‌బీఏ అంటారు, వాళ్ళ అనుమతి ముందే ఉండాలి. బ్యాక్టీరియా కూడా జీవ వనరే. డీఎన్ఏ తీసి గొట్టంలో పోసి పంపితే సరిపోతుంది కదా అని మీ ల్యాబ్‌లో ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వినకు, జన్యు పదార్థం కూడా ఆ నిర్వచనంలోకే వస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వస్తువే కాదు, దాని మీద చేసిన పరిశోధన ఫలితాలు విదేశీయులకి అప్పజెప్పాలన్నా అనుమతి కావాలి. జర్నల్‌లో పేపర్ వేయడం, సెమినార్‌లో చెప్పడం వేరు, వాటికి ఇబ్బంది లేదు. "మొత్తం డేటా పంపండి" అన్న ఆ ఈమెయిల్ మాత్రం వేరే సంగతి.

మినహాయింపు ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. రెండు దేశాల సంస్థల మధ్య సహకార పరిశోధన ప్రాజెక్టు అయితే, అది కేంద్రం మార్గదర్శకాలకి లోబడి ఉండి కేంద్ర ప్రభుత్వం ఆమోదం పొందితే, పై రెండు అనుమతులూ అక్కర్లేదు. చూశావా, ప్రాజెక్టు అని ఉంది, ఎంఓయూ అని లేదు. ప్రాజెక్టు అంటే దానికి ఒక పేరు, గడువు, డబ్బు, ఎవరేం చేస్తారన్న వివరం ఉండాలి. విదేశీ సంస్థలతో కలిసి చేసే పరిశోధనకి కేంద్రం 2018లో మొదలుపెట్టిన స్పార్క్ లాంటి పథకం కింద వచ్చిన ప్రాజెక్టో, ఇండో-జర్మన్ సైన్స్ అండ్ టెక్నాలజీ సెంటర్ డబ్బులిచ్చిన ప్రాజెక్టో అయితే ఆ ఆమోదం ఫైల్‌లో ఎక్కడో ఉండే అవకాశం ఉంది, ముందు అది వెతికించు. లేకపోతే ఎన్‌బీఏకి దరఖాస్తు పెట్టుకోవడమే.

దీన్ని పట్టించుకోకుండా పంపేవాళ్ళు లేరా అంటే ఉన్నారు, నేనే చూశాను. 2023 సవరణతో జైలు శిక్ష తీసేశారు, కానీ లక్ష రూపాయల నుంచి 50 లక్షల దాకా జరిమానా పెట్టారు. రేపు ఏదైనా గొడవ వస్తే కొరియర్ రసీదు మీద సంతకం ఎవరిది? నీది.

సార్‌కి కోపం రాకుండా ఉండే కిటుకు కూడా ఇందులోనే దొరుకుతుంది. ఈ కాగితం మనకన్నా వాళ్ళకే ఎక్కువ అవసరం. నగోయా ప్రోటోకాల్ అని ఒకటుంది, 2010లో కుదిరింది, 2014 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది, ఒక దేశపు జీవ వనరులు ఇంకో దేశం వాడుకోవాలంటే అనుమతి, లాభంలో వాటా ఉండాలంటుంది. యూరప్ వాళ్ళు దాన్ని తమ నిబంధనగా కూడా చేసుకున్నారు, 511/2014 అని నంబర్. దాని ప్రకారం అక్కడి ల్యాబ్ తన దగ్గరకి వచ్చిన వస్తువు సక్రమంగా వచ్చిందో లేదో చూసుకుని ఆ కాగితాలు దాచిపెట్టుకోవాలి. కాబట్టి నువ్వు "సార్, నా హక్కులు" అని మొదలుపెట్టకు. "సార్, వాళ్ళ ఫండింగ్ ఏజెన్సీ రేపు నగోయా కాగితాలు అడిగితే మనం ఇబ్బంది పడతామేమో, ముందే పెట్టుకుందామా, దరఖాస్తు డ్రాఫ్ట్ నేను చేస్తాను" అను. పని నీ నెత్తినే పడుతుంది, పడనీ. మన గైడ్లలో చాలామంది చెడ్డవాళ్ళు కాదు, ఫైలంటే భయం, రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కాలంటే నీరసం, అంతే. ఆ మెట్లు నేనెక్కుతానంటే నూటికి తొంభై మంది సరే అంటారు.

అన్నట్టు, సార్ కూడా యూనివర్సిటీ తరఫున సంతకం పెట్టలేరు. శాంపిల్స్ వెళ్ళేటప్పుడు మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్ ఉంటుంది, ల్యాబుల్లో ఎంటీఏ అంటాం. దాని మీద రిజిస్ట్రారో, యూనివర్సిటీ అధికారం ఇచ్చిన మనిషో సంతకం చేయాలి, అవతల కూడా అలాగే. ఎంటీఏతోపాటు ఒక రెండు పేజీల ప్రాజెక్ట్ ఒప్పందం పెట్టించు. దాంట్లో ఏం రాయాలో చెప్తాను, లాయర్ భాష అక్కర్లేదు, మామూలు ఇంగ్లీషులో రాసినా నడుస్తుంది, తర్వాత వాళ్ళ లీగల్ వాళ్ళు ఎలాగూ పాలిష్ చేస్తారు. పంపేవి ఏ 30 కల్చర్లు, నీ లేబుల్ నంబర్లతో సహా. వాటితో ఏం చేయొచ్చు, అంటే వేళ్ళ స్కానింగ్ అనుకున్నారు కాబట్టి స్కానింగే, రేపు దాంట్లోంచి ఎరువుల కంపెనీకి పనికొచ్చే బ్యాక్టీరియా కనబడితే అది వేరే సంగతి, మళ్ళీ మాట్లాడుకోవాలి (పేటెంట్ వేయాలంటే ఎన్‌బీఏని అడగాల్సిందే, అది మీ సార్‌కి కూడా గుర్తు చెయ్). మూడో మనిషికి ఇవ్వకూడదు. పని అయ్యాక మిగిలినవి ఏం చేయాలి. డేటా ఎవరిది, ఎన్నాళ్ళు ఎవరూ బయట పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, నీ థీసిస్‌లో ఆ డేటా వాడుకోడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదన్న ఒక్క వాక్యం. ఇది చాలామంది మర్చిపోతారు, థీసిస్‌లన్నీ పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో నీది ఎక్కించాల్సిన రోజున అవతలి వాళ్ళు మా పేపర్ వచ్చేదాకా ఆగండి అంటే ఆగి కూర్చోవాలి.

కొత్త జాతి ఏదైనా దొరికిందనుకో, రెండేళ్ళు తిరిగావు కాబట్టి దొరక్కూడదని లేదు, దానికి పేరు పెట్టాలంటే టైప్ స్ట్రెయిన్, అంటే ఆ జాతికి నమూనాగా నిలిచే కల్చర్, రెండు వేర్వేరు దేశాల్లోని కల్చర్ కలెక్షన్లలో జమ చేయాలి. మన వైపు పుణేలోనో చండీగఢ్‌లోనో చేస్తారు, అవతల జర్మనీలోనే బ్రౌన్‌ష్వైగ్‌లో డీఎస్ఎమ్‌జెడ్ ఉంది. అప్పుడు కూడా ఇదే అనుమతి గొడవ వస్తుంది. కాబట్టి ఇప్పుడు పడే పాట్లు వృథా పోవు.

ఇంకో మాట, పెట్టె కదలకపోయినా పని కదుల్తుంది. డీఎన్ఏ చదివే సీక్వెన్సింగ్ కోసం జర్మనీ దాకా ఎందుకు, జీనోమ్ వ్యాలీ మన పక్కనే ఉంది, డబ్బులు పెడితే ఇక్కడే అవుతుంది. వాళ్ళ దగ్గర ఉండి మన దగ్గర లేనిది ఏంటో ముందు తేల్చుకో, ఆ ఒక్కదానికే వాళ్ళ సాయం అడుగు. జొన్న అనేసరికి ప్రపంచమే మన పటాన్‌చెరుకి వస్తుంది, 1972 నుంచి ఇక్రిశాట్ అక్కడుంది, జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ అన్నీ కలిపి లక్షకు పైగా విత్తన రకాలు అక్కడి చల్లగదుల్లో ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల సంస్థ ఉంది. నువ్వేదో చేయి చాచి అడుక్కునే వైపు ఉన్నట్టు రాశావు ఉత్తరం, అలా లేవు. వాళ్ళ దగ్గర యంత్రం ఉంది, నీ దగ్గర జహీరాబాద్ ఉంది.

ఇక పేరు సంగతి. "పేపర్‌లో నీ పేరు ఉంటుందిలే" అన్న మాట చదవగానే నాకు కడుపులో తిప్పింది, ఎందుకంటే సరిగ్గా ఇదే మాట నేనూ విన్నాను. 2001లో నేను మూసీ నీళ్ళ మీద పనిచేసేదాన్ని. నాగోలు బ్రిడ్జి కింద నుంచి మొదలుపెట్టి కింది ఊళ్ళ దాకా ప్రతి నెలా శాంపిల్స్, బస్సులో క్యాన్ పట్టుకుని ఎక్కితే పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. పద్నాలుగు నెలల లెక్కలు ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టి, తార్నాకలో ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని, అటాచ్‌మెంట్ మూడుసార్లు ఫెయిలయ్యాక నాలుగోసారి ఎక్కించి విదేశంలో ఒక ప్రొఫెసర్‌కి పంపాను, మా గైడ్ పంపమన్నారు కాబట్టి. ఏడాది తర్వాత పేపర్ వచ్చింది. ఏడుగురు ఆథర్లు, మా గైడ్ నాలుగోవారు. నేను కింద కృతజ్ఞతల్లో ఉన్నాను, శాంపిల్స్ తెచ్చినందుకు. మూడు రోజులు అన్నం తినలేదు. తర్వాత ధైర్యం చేసి ఆ ప్రొఫెసర్‌కి మెయిల్ రాశాను. ఆయన జవాబే నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఇది నీ పీహెచ్‌డీ అని నాకెవరూ చెప్పలేదు, శాంపిల్స్ తెచ్చే అసిస్టెంట్‌వి అనుకున్నాను, ముందే తెలిస్తే రాయమనేవాడిని." ఆయన అబద్ధం చెప్పలేదనే నా నమ్మకం. మా గైడ్ చెప్పలేదు, నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ముగ్గురం మర్యాదస్తులమే, మధ్యలో నా పద్నాలుగు నెలలు పోయాయి.

అందుకే ఆ ప్రొఫెసర్‌కి నువ్వెవరో ఈ వారమే తెలియాలి. సార్‌ని సీసీలో పెట్టి, సార్‌కి ముందు చెప్పి, నువ్వే ఒక చిన్న మెయిల్ రాయి. ఈ కల్చర్ల సేకరణ నా పీహెచ్‌డీ, థీసిస్‌లో రెండో అధ్యాయం, మీతో పనిచేయడం సంతోషం, ఏ పేపర్ ఎవరు రాస్తారో ఒకసారి ఆన్‌లైన్‌లో మాట్లాడుకుందామా అని. నాలుగు వాక్యాలు చాలు. మాట్లాడుకున్నాక ఆ సాయంత్రమే "మనం అనుకున్నవి ఇవీ" అని ఇంకో మెయిల్. వాట్సాప్‌లో వద్దు, వాట్సాప్ ఫోన్‌తోపాటే పోతుంది.

ఆథర్‌షిప్ నియమాలు కూడా ఒకసారి చూసుకో. చాలా జర్నళ్ళు వైద్య జర్నళ్ళ సంపాదకుల అంతర్జాతీయ కమిటీ, ఐసీఎమ్‌జేఈ అంటారు, చెప్పిన నాలుగు షరతులు పాటిస్తాయి: పనిలో గట్టి భాగం ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చేయి ఉండాలి, ఆఖరి ప్రతికి ఒప్పుకోవాలి, రేపు ఎవరైనా తప్పు పడితే జవాబు చెప్పే బాధ్యత తీసుకోవాలి. నాలుగూ ఉంటేనే ఆథర్. అంటే డేటా ఒక్కటే ఇచ్చి ఇంట్లో కూర్చుంటే నియమం ప్రకారమే నిన్ను బయట పెట్టొచ్చు. అయితే అదే నియమంలో మొదటిది చేసినవాళ్ళకి రాసే అవకాశం తప్పకుండా ఇవ్వాలని కూడా ఉంది, ఆ వాక్యం ప్రింట్ తీసి టేబుల్ మీద అంటించుకో. పేర్ల వరుస మాత్రం ఒక్కో శాస్త్రానికి ఒక్కో ఆచారం. లెక్కలవాళ్ళు అక్షర క్రమంలో వేసుకుంటారు. ఫిజిక్స్ వాళ్ళయితే సెర్న్ నుంచి 2015లో హిగ్స్ బోసాన్ బరువు మీద ఒక పేపర్ వేశారు, 5,154 మంది ఆథర్లు, 33 పేజీల్లో 24 పేజీలు పేర్లూ ఊళ్ళే. మన బయాలజీలో మొదటి పేరు పనిచేసినవాళ్ళది, చివరి పేరు ల్యాబ్ పెద్దది, మధ్యలో ఉన్నవాళ్ళని ఎవరూ చదవరు. కొలాబరేషన్లలో గొడవంతా ఆ చివరి పేరు కోసం ఇద్దరు ప్రొఫెసర్లు పడేదే, స్కాలర్లు మధ్యలో నలుగుతారు.

దీనికి నాకు తెలిసిన మంచి దారి, పేపర్లని రెండుగా విడగొట్టడం. 140 కల్చర్లు ఎక్కడ దొరికాయి, ఏవి ఎండని తట్టుకున్నాయి అన్న మొదటి పేపర్ నీది, మొదటి పేరు నీది, చివరి పేరు మీ సార్‌ది, దాన్ని వాళ్ళ స్కానింగ్ కోసం ఆపక్కర్లేదు, ఇప్పుడే రాయడం మొదలుపెట్టు. వేళ్ళ లోపల ఏం జరుగుతోందన్న రెండో పేపర్ వాళ్ళు నడపొచ్చు, దాంట్లో నువ్వు రెండో పేరుగానో, పని సమానంగా ఉంటే ఇద్దరు మొదటి పేర్లలో ఒకరిగానో ఉండు. ఇలా విడిగా పెడితే ఎవరికీ మొహం చెల్లని పరిస్థితి రాదు.

ఇలా ముక్కలు పంచుకోవడం మన ఊరికి కొత్తేం కాదు, ఎప్పుడైనా బేగంపేట వెళ్తే నిజామియా అబ్జర్వేటరీ ఆవరణ చూడు, ఇప్పుడక్కడ ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ సెస్ వాళ్ళ ఆఫీసు ఉంది. 1887లో పారిస్‌లో కూర్చుని ఆకాశం మొత్తం ఫోటోలు తీసి నక్షత్రాల జాబితా చేద్దామని అనుకున్నారు, ఆకాశాన్ని పట్టీలుగా కోసి ఒక్కో అబ్జర్వేటరీకి ఒక్కో పట్టీ ఇచ్చారు. చిలీలో శాంటియాగోకి ఇచ్చిన పట్టీ అక్కడ ముందుకు సాగకపోతే, ఆకాశపు అక్షాంశాల లెక్కలో మైనస్ 17 డిగ్రీల నుంచి మైనస్ 23 దాకా హైదరాబాద్ తీసుకుంది, 1914 నుంచి 1929 దాకా చేసింది. అది పూర్తయ్యాక ఉత్తరం వైపు ఇంకో పట్టీ కూడా. ఏ డిగ్రీ నుంచి ఏ డిగ్రీ దాకా ఎవరిదో ముందే రాసుకున్నారు కాబట్టి ఆ పట్టీలు ఇవాళ్టికీ హైదరాబాద్ పేరు మీదే ఉన్నాయి. అదే బేగంపేటలో పాత ఎయిర్‌పోర్ట్ పక్కన రొనాల్డ్ రాస్ భవనం ఉంది, ఉస్మానియా వాళ్ళది. 1897 ఆగస్టు 20న ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది అక్కడే, 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలు కుట్టడానికి తన ఒళ్ళు అప్పజెప్పిన హుసేన్ ఖాన్‌కి దోమకి అణా చొప్పున ఇచ్చారు. నీ జహీరాబాద్ రైతులు గుర్తొచ్చి చెప్తున్నాను, వాళ్ళ పేర్లు రాసుకున్న నోట్‌బుక్ ఉంది కదా, ఒప్పందంలో వాళ్ళ వాటా గురించి కూడా ఒక పేరా ఉండాలి, ఎన్‌బీఏ వాళ్ళు ఎలాగూ అడుగుతారు.

జాయింట్ పీహెచ్‌డీ మాట మాత్రం చెవిన వేసుకోకు. వాళ్ళు మోసం చేస్తున్నారని కాదు, తెలియక అంటారు. 2022లో యూజీసీ జాయింట్, డ్యూయల్ డిగ్రీలకి నిబంధనలు తెచ్చింది, జాయింట్ డాక్టరేట్ అంటే రెండు చోట్లా ఒక్కో గైడ్, రెండు చోట్లా కనీసం ఒక్కో సెమిస్టర్ ఉండటం, ఒకే థీసిస్. ఇది యూనివర్సిటీలు ముందే ప్రోగ్రామ్‌గా పెట్టుకుంటే వచ్చేది, ఐఐటీ బాంబే ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీతో 2008లో ఒక అకాడమీయే పెట్టుకుంది, ఇక్కడ కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ వాళ్ళకి ఆస్ట్రేలియాలోనే స్విన్‌బర్న్ యూనివర్సిటీతో అలాంటి ప్రోగ్రామ్ ఉంది. మూడో ఏడు మధ్యలో ఒక మాట మీద వచ్చేది కాదది. నీది విజిట్, విజిట్ అనే పిలువు, దానికి ఒక ఇన్విటేషన్ లెటర్ చాలు.

మరి ఆ విజిట్‌కి వెళ్ళనా అంటే, వెళ్ళు. కానీ ఆరు నెలలు ఎందుకు? కల్చర్లకి అనుమతి రాకముందే వెళ్తే అక్కడ కూర్చుని వేరేవాళ్ళ ప్లేట్లు లెక్కపెడతావు. చెన్నై నుంచి కాగితం వచ్చాక, పెట్టె అక్కడికి చేరాక, కల్చర్లు లేచి పెరుగుతున్నాయని వాళ్ళు చెప్పాక వెళ్తే మూడు నెలల్లో పని అయిపోతుంది. 90 రోజుల్లోపు అయితే షెంజెన్ షార్ట్ స్టే వీసా సరిపోతుంది, దాటితే నేషనల్ వీసా, దానికి వేరే కాగితాలు, వేరే నిరీక్షణ. ఖర్చు ఎవరిదో కూడా లెటర్‌లో రాయించు, గది అద్దె, ఇన్సూరెన్స్, టికెట్ మూడూ విడివిడిగా. మనవాళ్ళు "లోకల్ హాస్పిటాలిటీ" అని రాసి వదిలేస్తారు, అక్కడ దిగాక హాస్పిటాలిటీ అంటే మొదటి రోజు భోజనం అని తెలుస్తుంది. నీ ఫెలోషిప్ ఆ మూడు నెలలూ నడుస్తుందా ఆగుతుందా అన్నది కూడా యూనివర్సిటీ ఉత్తర్వులో ఉండాలి, నోటి మాట మీద విమానం ఎక్కకు. టైమ్ అయిపోతోందని భయం వద్దు, 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి ఆరేళ్ళు ఇచ్చారు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్ళు, ఆడవాళ్ళకి ఆపైన ఇంకో రెండు.

ఈ వారం చేయాల్సింది ఇంకొక్కటుంది. ల్యాబ్ నోట్‌బుక్ పేజీలు ఫోటోలు తీసి తారీఖులతో సహా నీ మెయిల్‌కి నువ్వే పంపుకో. ప్రతి కల్చర్‌కీ గ్లిసరాల్ స్టాక్, అంటే గ్లిసరాల్ కలిపి గడ్డకట్టించి దాచే నిల్వ, ఇంకో సెట్ చేసి వేరే ఫ్రీజర్‌లో పెట్టు. మే నెలలో కరెంటు పోయి జనరేటర్ ఎక్కక ఒక్క రాత్రిలో నాలుగేళ్ళ పని కరిగిపోయిన ల్యాబ్ నాకు తెలుసు, ఆ పిల్ల తెల్లారి వచ్చి వయల్స్ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని ఊపి చూస్తుంటే పక్కన నిలబడ్డాను. మార్కర్‌తో రాసిన లేబుల్స్ కూడా ఆ తడికి చెరిగిపోయాయి. నువ్వు పెన్సిల్‌తో రాయి.

ఇంటి సంగతి చివరికి వదిలేశాను, ఎందుకంటే దాంట్లో నేను చెప్పగలిగేది తక్కువ. మీ ఆయన ఎలాంటివాడో, అత్తగారు ఏమంటారో నాకు తెలియదు, ఉత్తరంలో రాయలేదు. ఆరు నెలలు అనకు, మూడు నెలలు అను, అంతే తేడా. మీ ఆయనకి మాత్రం ఈ రాత్రే చెప్పు, ఇంత టెన్షన్ ఒక్కదానివే మోయకు. మిగతావాళ్ళకి ఎన్‌బీఏ కాగితం, ఇన్విటేషన్ రెండూ చేతికొచ్చి తారీఖులు ఖాయమయ్యాక చెప్పొచ్చు. ఇప్పుడే చెప్తే ఇంకా ఖాయం కాని ప్రయాణానికి నెలల తరబడి పంచాయితీ పెట్టుకుంటారు.